చివరిగా – 6

రాత్రి పదకొండున్నర. పాలు తోడు పెట్టాను, గేటు తాళం రెండుసార్లు చూసొచ్చాను, అయినా నిద్ర రావడం లేదు. కారణం నాలుగు మడతలు పెట్టిన ఒక పాటల కాగితం. ఇప్పుడు ల్యాప్‌టాప్ పక్కనే ఉంది, పల్లీ చట్నీ మరకతో సహా.

ఈ సాయంత్రం మా చర్చి యూత్ మీటింగులో వాక్యం చెప్పే వంతు నాది. పాస్టర్ అయ్యగారు ఊళ్లో లేరు. అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయం తీసుకున్నాను, ఐతుకు కథ. త్రోయలో పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తుంటే కిటికీలో కూర్చున్న కుర్రాడు కునికిపాట్లు పడి, మూడో అంతస్తు నుంచి కింద పడిపోతాడే, అది. ఒళ్లో ఫోన్ దాచుకుని గోడకి ఆనుకుని తూగే మా బ్యాచ్‌కి 66 పుస్తకాల్లో ఇంతకంటే సరిపోయే కథ ఎక్కడ దొరుకుతుంది? మూడు రాత్రులు కూర్చుని తయారయ్యాను. నేను అత్తమ్మకి బీపీ బిళ్ల ఇవ్వడం మర్చిపోయింది కూడా అందుకే (అత్తమ్మ ఈ విషయం ఇంకా మర్చిపోలేదు).

ఇరవై నిమిషాలనుకున్నది నలభై అయింది. అయితే అయింది, ఎవరూ కదల్లేదు. వింత ఏమిటంటే ఆ చివరి బెంచీ. రిథమ్ ప్యాడ్ పిల్లాడు, కళ్లజోడు, 'అక్కా ఒక డౌట్', ముగ్గురూ తలలు వంచుకుని ఒకటే రాయడం. నేను నోరు తెరిస్తే రాయడం, ఆపితే తలెత్తి చూడటం. నోట్సు రాసుకుంటున్నారు! నాలుగేళ్లలో మొదటిసారి! ఆ ఊపులో ఇంకో రెండు ఉదాహరణలు అదనంగా చెప్పేశాను.

అయిపోయాక 'అక్కా ఒక డౌట్' చెయ్యెత్తాడు. "అక్కా, మరి తప్పు ఐతుకుది ఎలా అవుతుంది? పౌలుగారు అంతసేపు చెప్పినందుకే కదా పడ్డాడు?"

కాదు నాన్నా, పౌలు కిందికి దిగి, వాణ్ని కౌగిలించుకుని, ప్రాణం ఉంది గాబరా పడకండి అన్నాడు అని చెప్పాను.

"తర్వాత?"

తర్వాత పైకెళ్లి రొట్టె విరిచి, తిని, తెల్లారేదాకా మాట్లాడాడు.

"మళ్లీనా!" అన్నాడు. హాలంతా గొల్లుమంది. నేను కూడా నవ్వాను. మంచిదాన్నే.

మిర్చి బజ్జీలు తిని అందరూ వెళ్లిపోయాక, బెంచీలు సర్దుతుంటే ఈ కాగితం దొరికింది. నోట్సేమో, ఎవరిదో మర్చిపోయారు, అయ్యగారికి చూపిద్దాం అనుకుంటూ విప్పాను. నిలువు గీతలు నాలుగు, అడ్డంగా ఒకటి. పేజీ నిండా అవే. పక్కన మొత్తాలు కూడా వేశారు:

కదా – 58
అర్థమైందా – 19
చివరిగా – 6
నేను మీ వయసులో ఉన్నప్పుడు – 7
మె – 9

రాసుకుంటున్నారని పొంగిపోయి నేను అదనంగా చెప్పిన రెండు ఉదాహరణలకి ఎన్ని గీతలు పడ్డాయో ఊహించుకోండి.

యాభై ఎనిమిదా! నలభై నిమిషాల్లో! అబద్ధం. కళ్లజోడుకి లెక్కల్లో పోయినసారి ఎన్ని వచ్చాయో నాకు తెలుసు. 'చివరిగా' ఆరుసార్లంటే, ఒకటి చివరి పాయింటు, ఒకటి చివరి వచనం, ఒకటి చివరి ఉదాహరణ, ఒకటి చివరి ప్రార్థన. ఈ నాలుగూ న్యాయమైనవే. మిగతా రెండింటికి నా దగ్గర సంజాయిషీ లేదు. కానీ అది కాదు సంగతి. వీళ్ల ఫ్రెండ్ పుట్టినరోజుకి నా చేత్తో కేకు చేశాను. ప్యాడ్ పిల్లాడి వాళ్ల నాన్నకి ఫోన్ చేసి, ఇంటర్ అయ్యేదాకా ప్యాడ్ అమ్మకండి అన్నయ్యా అని బతిమాలాను. అందుకు ఫలితం ఈ గీతలు!

మా ఆయనకి చూపించాను. చదివి, పక్కకి తిరిగి నవ్వి, "లెక్కపెట్టాలంటే వినాలిగా" అన్నారు. ఈ మాట అంటారని ముందే తెలుసు. బస్‌స్టాపులో కూర్చుని ఎర్ర కార్లు లెక్కపెట్టేవాడు రోడ్డు మీద ప్రేమతో చూస్తున్నాడా? వచ్చే ఆదివారం వాళ్లని నిలబెట్టి అడుగుదామనే అనుకున్నాను. రాసిపెట్టుకున్నాను కూడా, ఏం అనాలో. మొదటి వాక్యం "నేను మీ వయసులో ఉన్నప్పుడు" అని మొదలైంది. కొట్టేశాను.

ఆ వయసులో నేనేం చేశానో ఇక్కడ ఎప్పుడూ రాయలేదు.

మెదక్ దగ్గర మా ఊరి చర్చి. పెంకుల కప్పు, షాబాదు బండలు, ఆడవాళ్లంతా ఒక పక్క కింద చాపల మీద. ఏడాదికోసారి పైఊరి నుంచి ఒక పెద్దాయన వాక్యం చెప్పడానికి వచ్చేవారు. ప్రతి మాటకీ "గమనించండి" అనేవారు. నోవహు ఓడ ఎక్కాడు గమనించండి. తలుపు మూసుకుంది గమనించండి. నేనూ మా పెద్దమ్మ కూతురూ చింతగింజలు తెచ్చుకునేవాళ్లం. ఒక 'గమనించండి'కి ఒక గింజ, ఎడమ గుప్పిట్లోంచి కుడి గుప్పిట్లోకి. ముందుగా ఎవరి గింజలు కుడి చేతికి చేరిపోతే వాళ్లు ఓడినట్టు, ఎందుకో గుర్తులేదు, రూల్సు దానివి. ఆ ఏడు ఆయన మంచి ఊపులో ఉన్నారు. కుడి గుప్పిట నిండింది. ఇంకోటి పట్టదు. ఇంకోటి పెట్టాను.

చింతగింజలు షాబాదు బండ మీద పడితే ఎలా ఉంటుందో మీరెప్పుడైనా విన్నారా? వడగళ్ల వాన. ఒక్కటి మాత్రం ఆగకుండా దొర్లుకుంటూ దొర్లుకుంటూ ముందు వరసలో పాస్టరమ్మగారి కాలి దగ్గర ఆగింది. పెద్దాయన వాక్యం ఆపి ఆ గింజ వైపు చూశారు. "గమనించండి" అన్నారు. మా పెద్దమ్మ కూతురు నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది, ఆ కొంగు దానిది కాదు, పక్కావిడది.

ఇంటికెళ్లాక అమ్మ కొట్టలేదు. 119వ కీర్తన మొత్తం రాయమంది. తెలిసినవాళ్లకి తెలుసు, 176 వచనాలు. ఇరవై రెండు భాగాలు, ఒక్కోదానికి ఎనిమిదేసి. లెక్కపెట్టినందుకు శిక్షగా అంత లెక్క ఉన్న అధ్యాయం ఇచ్చింది మా అమ్మ. రాస్తూ రాస్తూ 'కట్టడలు' అన్న మాట ఎన్నిసార్లొస్తుందో మళ్లీ లెక్కపెట్టాను, ఈసారి గింజలు లేకుండా, మార్జిన్లో గీతలు పెట్టి. నాలుగు నిలువు, ఒకటి అడ్డం.

ఈ సాయంత్రం నేను పిల్లలతో అన్నదేమిటంటే, మీ వయసులో ఉన్నప్పుడు మేం రెండు గంటలు కదలకుండా కూర్చునేవాళ్లం అని. అదొక్కటి కాదు, ఏడుసార్లు. ఏడూ ఇలాంటివే అయ్యుంటాయి. 58 గురించి కోపం లేదిప్పుడు. ఈ ఏడు మాత్రం గుచ్చుతోంది.

అలాగని వాళ్లు చేసింది బాగుందనడం లేదు. మావి గింజలు, సాక్ష్యం మిగల్లేదు. వీళ్లు రాతపూర్వకంగా పెట్టారు.

మంచి సంగతి కూడా ఒకటి ఉంది, మర్చిపోయేలా ఉన్నాను. ఎప్పుడూ నోరు విప్పని ఆ తొమ్మిదో తరగతి పిల్ల ఈ రోజు పైకి ప్రార్థన చేసింది. "ప్రభువా, రేపటి మ్యాథ్స్ టెస్టు వాయిదా వేయండి, లేకపోతే మా సార్‌కి చిన్న జ్వరం ఇవ్వండి, పెద్దది వద్దు." అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నేనే.

ఇక మిగిలింది ఆ 'మె'. తొమ్మిదిసార్లు. 'మెల్లగా'నా? నేనెప్పుడన్నాను మెల్లగా అని? 'మెసేజ్' అంటానా? అడుగుదామంటే కాగితం దొరికిందని తెలిసిపోతుంది. పడుకోబోతూ మా ఆయన 'మెడ నొప్పి అయ్యుంటుంది' అన్నారు. జవాబివ్వలేదు.

దీని పక్కన నెలాఖరు ట్రిప్ గొడవొకటి. వాళ్లు వాటర్ పార్కు అంటారు. నేను మెదక్ అంటాను. వందేళ్లు దాటింది అక్కడి పెద్ద చర్చికి, 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ చేశారు. కరువు రోజుల్లో, దాన్ని కట్టించిన పోస్నెట్ దొర పని చేయించి తిండి గింజలిచ్చాడు, మా ముత్తవ్వ అక్కడ రాళ్లు మోసిందని నాయనమ్మ చెప్పేది. మెదక్ రంగుటద్దాల కిటికీలు పొద్దుండగానే చూడాలి. వెలుగు బయటినుంచి రావాలి, పొద్దు వాలితే బొమ్మలన్నీ నల్లబడిపోతాయి. ఇదంతా వాళ్లకి పోయినవారం చెప్పాను. ఈ రోజూ చెప్పాను. త్రోయలో మూడో అంతస్తు ఎంత ఎత్తో చెప్పడానికి 175 అడుగుల మెదక్ గోపురం తీసుకొచ్చాను. పై గదిలో దీపాలున్నాయని చెప్పడానికి ఆ రంగుటద్దాలు...

ఓ.

మె.

పైకి వెళ్లి చూసుకున్నాను, ఈ టపాలోనే నాలుగుసార్లు రాశాను.

సరే, వాటర్ పార్కుకి మాత్రం ఒప్పుకోను. ఆ చర్చికే వెళ్దాం. బస్సులో నోరు మూసుకుని కూర్చుంటాను, కనీసం తూప్రాన్ దాటేదాకా.