డ్రమ్ము సంగతి తేలలేదు

శైలు ఎప్పుడో పడుకుంది, నాకే నిద్ర పట్టట్లేదు, అందుకే హాల్లో కూర్చుని టైప్ చేస్తున్నా. ఇవాళ బాలానగర్ పోయొచ్చా, నా టర్బో కారు అబార్త్‌ని పెట్రోల్ బదులు ఎథనాల్ మీద నడిపించే పని మీదే, నా ఆదివారాలు ఇంకెక్కడికి పోతాయి.

ఇంజిన్ కంప్యూటర్ (ఈసీయూ)లో ఇంధనం, టైమింగ్ లెక్కలు, అంటే మ్యాప్, మార్చే ట్యూనర్ ఒకడున్నాడు, అతని మాట ఒకటి ఇంకా మింగుడు పడట్లేదు. "మ్యాప్ ఫ్లాష్ చేస్తే అయిపోతదన్నా, ఈ85 మ్యాప్ నా దగ్గర రెడీగ ఉంది. ఎథనాల్ డ్రమ్ము నేనే పంపిస్త, సెల్లార్ల పెట్టుకోండి, మీరే కలుపుకోండి" అన్నాడు. ఈ85 అంటే 85 శాతం దాకా ఎథనాల్, మిగతాది పెట్రోల్. ఎక్కడ్నించి వస్తది ఆ డ్రమ్ము అంటే "అవన్నీ మీకెందుకన్నా" అని నవ్వాడు. ఇరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ సెల్లార్, పక్కనే పిల్లలు క్రికెట్ ఆడతారు, అక్కడ డ్రమ్ము ఆల్కహాల్ పెట్టుకోవాలంట! పైగా ఎక్సైజ్ పర్మిషన్ లేకుండా అంత ఆల్కహాల్ ఇంట్లో పెట్టుకుంటే నా గతేంటి?

సరే డ్రమ్ము పక్కన పెడదాం, మ్యాప్ ఒక్కటి మారిస్తే అయిపోతుందా అసలు? కిలో పెట్రోల్ కాలడానికి గాలి 14.7 కిలోలు కావాలి, కిలో ఈ85కి 9.8 చాలు, అంటే అదే గాలికి ఇంధనం చాలా ఎక్కువ పోయాలి, లీటర్లలో చూస్తే 40 శాతం పైనే. ఆ ఎక్స్‌ట్రా ఎవడు పోస్తాడు? ఇంధనం చిమ్మే కంపెనీ ఇంజెక్టర్లు ఫుల్ బూస్ట్‌లో, అంటే టర్బో గాలిని గట్టిగా తోసేటప్పుడు, ఎంతసేపు తెరుచుకుని ఉంటున్నాయో లాగ్ చూశావా అంటే చూడలేదు. ట్యాంకులో పంపు అంత ప్రెషర్ నిలబెడుతుందా అంటే "నిలబడ్తదన్నా" అన్నాడు, గేజ్ మాత్రం పెట్టలేదు. గాలి, ఇంధనం పాళ్లు కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సర్ ఏదంటే రిపేర్‌కి పోయిందట. టర్బో బండిలో మిక్చర్ లీన్ అయితే, అంటే ఇంధనం చాలకపోతే, పిస్టన్ కరగడానికి ఎంతోసేపు పట్టదు, ఆ బిల్లు అతను కట్టడు కదా.

దారిలో రాణిగంజ్‌లో ఆగి ఎథనాల్‌కి తట్టుకునే ఫ్యూయల్ పైపు అడిగా. షాపాయన కౌంటర్ మీద నల్ల రబ్బరు పైపు చుట్ట పడేసి "అన్నిట్లకి ఇదే భాయ్" అన్నాడు. పైపు పొడుగూతా తిప్పి చూశా, ఒక్క అక్షరం ప్రింట్ లేదు, ఏ గ్రేడో ఏంటో. మామూలు రబ్బరు ఎథనాల్‌లో నానితే ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, ఆ తర్వాత వేడి ఇంజిన్ మీద లీక్. కొనకుండా వచ్చేశా.

వదిలేద్దాం ఈ ఎథనాల్ గోల అని రాయడానికే కూర్చున్నా నిజానికి. కానీ మే నెలలో ఓఆర్ఆర్ మీద 42 డిగ్రీల ఎండలో బండి ఎలా నీరసపడుతుందో గుర్తొచ్చింది, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ వేడెక్కిపోయి, నాక్ (ఇంధనం దానంతట అదే పేలడం) వస్తుందని ఈసీయూ స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగేసి, 145 హార్స్‌పవర్ బండి మామూలు హ్యాచ్‌బ్యాక్ అయిపోతుంది. ఎథనాల్ ఆవిరయ్యేటప్పుడు పెట్రోల్ కన్నా రెట్టింపు పైగా వేడి లాగేసుకుంటుంది, లోపల గాలి చల్లబడుతుంది, నాక్‌ని ఆపే ఆక్టేన్ కూడా ఎక్కువ. మైలేజ్ పోతుంది, తెలుసు, పోనీ. ఇండీకార్ రేసు బళ్లు ఎథనాల్ మీద ఏళ్ల తరబడి తిరిగాయి, ఊరికే తిరగలేదు.

ఇంకోటి కూడా ఉంది, ఇది శైలుకి తప్ప ఎవరికీ చెప్పలేదు. తాత బోధన్‌లో నిజాం షుగర్స్‌లో చేసేవాడు. సెలవులకి శక్కర్‌నగర్ పోతే రాత్రంతా చెరుకు బండ్లు లైన్‌లో నిలబడి ఉండేవి, ఎద్దుల మెడ గంటలు, బండి కింద లాంతర్లు, మేం పిల్లలం వెనక నుంచి గడలు లాగి పరిగెత్తేవాళ్లం, బండాయన నిద్రలోంచే తిట్టేవాడు. తాత డ్యూటీ దిగొస్తే చొక్కా నిండా మొలాసిస్, అదే చెరుకు మడ్డి, వాసన, తియ్యగా, కొంచెం పులిసినట్టు, అమ్మమ్మ ఆ చొక్కాని బయట దండెం మీదే వేయించేది. ఓ రాత్రి గడ చీరుతూ అన్నాడు, "గీ మడ్డి తోని సారనే గాదురా, మోటర్లు గూడ నడుస్తయ్". నేను నమ్మలేదు. పెట్రోల్‌లో ఆల్కహాల్ కలపడానికి మన దేశంలో 1948లోనే పవర్ ఆల్కహాల్ చట్టం వచ్చిందని చాలా ఏళ్ల తర్వాత చదివా, అప్పటికి తాత లేడు. 1937లో పెట్టిన ఆ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. ఆ మడ్డి మాట మీద నేను తాత పక్కనే ఉంటా, ఎవరేమన్నా.

అట్లాగని అంతా మంచే అని కూడా అనలేను. 2024 నవంబర్‌లో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఎథనాల్ ఫ్యాక్టరీ వద్దని ఊళ్లు రోడ్డెక్కాయి, వాళ్ల భయం నీళ్ల గురించి, పొలాల గురించి. ఇప్పుడు మడ్డి ఒక్కటే కాదు, మక్కలు, బియ్యం కూడా పోతున్నాయి ఇందులోకి. నా బండి నాక్ కొట్టకూడదని ఎవరి బోరు ఎండాలి? దీనికి నా దగ్గర జవాబు లేదు.

సాయంత్రం బాల్కనీలో చిన్నదాని సైన్స్ జార్ తీసుకుని టెస్ట్ చేశా. 80 మిల్లీ బంకు పెట్రోల్, 20 మిల్లీ నీళ్లు, మూత పెట్టి ఊపి వదిలేశా. ముందు అంతా పాలలా మసకబారింది, తర్వాత మెల్లగా విడిపోయి కింద నీళ్ల పొర 40 మిల్లీ గీతకి కాస్త కింద ఆగింది. ఎథనాల్ అంతా నీళ్లలోకి దిగిపోయి 20 మిల్లీ నీళ్ల పొర అంతకి పెరిగింది, అంటే దాదాపు ఈ20, పెట్రోల్‌లో 20 శాతం ఎథనాల్. ఎవరినీ అడగకుండానే నా బండి ఎప్పట్నుంచో ఎథనాల్ తాగుతోంది, పదేళ్ల కిందటి రబ్బరు పైపులతో! శైలు వాసనకి వచ్చి జార్ కొత్తది కొనిచ్చేదాకా ఊరుకోనంది, న్యాయమే.

అందుకని డ్రమ్ము వద్దు, ఈ85 ఇప్పుడే వద్దు. ఇండియన్ ఆయిల్ వాళ్లు 2024 మార్చిలో ఎథనాల్ 100 అనే ఇంధనం మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాలు, ఢిల్లీ లిస్టులో మన తెలంగాణ లేదు. పైపులు మాత్రం ముందు మార్చాలి, తర్వాత పంపు, పెద్ద ఇంజెక్టర్లు, ఆ తర్వాత ఫ్లెక్స్ సెన్సర్. లైన్‌లో ఎథనాల్ ఎంత శాతం ఉందో అదే కొలిచి చెబుతుంది, సున్నా శాతానికి 50 హెర్ట్జ్ సిగ్నల్, వందకి 150, దాన్ని చదివే ఈసీయూ ఉంటే బంకులో ఏది పోసినా సర్దుకుంటుంది. ఆ ట్యూనర్‌కి ఇచ్చిన అడ్వాన్స్ రేపు పొద్దున్నే ఫోన్ చేసి వెనక్కి అడుగుతా, ఇవ్వకపోతే బాలానగర్ పోయి షాపులో కూర్చుంటా.