డబుల్ కాట్ తలాపు చెక్క గోడకు కొట్టుకోకుండా: నా అనుభవం

మనిషి పక్కకు తిరిగితే చాలు, మంచం తలాపు చెక్క గోడకు ఠక్కుమనేది. ఇలాంటప్పుడు చాలామంది మధ్యలో పాత గుడ్డ కుక్కుతారు. చప్పుడు తగ్గుతుంది గానీ ఊగుడు ఆగదు, లోపల బోల్టు రంధ్రం అరుగుతూనే ఉంటుంది. అందుకే గోడ సంగతి చివరికి పెట్టుకున్నాను.

ముందు నేల. మా మహబూబ్‌నగర్ దిక్కు షాబాద్ బండల ఇళ్లు ఎక్కువ, అతుకుల దగ్గర ఎత్తుపల్లాలు మామూలే. మంచం నాలుగు మూలలూ ఒక్కోటి నొక్కితే ఏ కోడు లేస్తుందో తెలిసిపోతుంది. దాని కింద 3 మి.మీ. రబ్బరు ముక్క పెట్టాను. అట్టముక్క పనికిరాదు, తడిబట్ట పెట్టినప్పుడల్లా నాని అణిగిపోతుంది.

అసలు పని పట్టెలు తలాపుకు కలిసే చోట. పరుపు తీసి, మంచాన్ని మూరెడు ముందుకు జరిపి చూస్తే నట్లు వాషరు లేకుండానే కర్రలోకి దిగి ఉన్నాయి. 8 మి.మీ. బోల్టుకు 13 నంబరు స్పానర్ పడుతుంది. కర్రకు ఆనేటట్టు వెడల్పు వాషరు, దానిమీద స్ప్రింగ్ వాషరు (ఒకచోట తెగి కాస్త మెలి తిరిగి ఉండే రింగు), ఆపైన నట్టు. అన్నీ చేత్తో బిగించాక, ఒకరు తలాపును నిటారుగా పట్టుకుంటే రెండోవాళ్లు అటొకటి ఇటొకటి స్పానర్‌తో బిగించాలి. స్ప్రింగ్ వాషరు చదునవగానే ఆపాలి. ఇంకా తిప్పితే కర్ర నలిగి మళ్లీ వదులే. మా ఎండలకు కర్ర ఆరి సన్నబడుతుంది, పచ్చి వేపకర్రతో చేసిన మంచమైతే మరీనూ. కాబట్టి మే నెలలో ఒకసారి చూసుకోవాల్సిందే. నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉండేది) వేసినా ఈ తిప్పలు తప్పవు: అది తిరక్కుండా ఉంటుందంతే, సన్నబడ్డ కర్రను పట్టుకోదు.

బోల్టులు కాక హుక్కు పట్టీలుండే మంచాల్లో స్క్రూ రంధ్రాలు పెద్దవవుతాయి. టేకు పుల్లకు ఫెవికాల్ రాసి కొట్టి, మర్నాటి దాకా ఆరనిచ్చి, సమంగా కోసి, సన్న రంధ్రం వేసి అదే స్క్రూ బిగిస్తే సరి. చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసే పార్టికల్ బోర్డులో పుల్ల నిలవదు. ఆరపార బోల్టు వేసి వెనక ఇనుప పట్టీ పెట్టించడమే మేలు.

ఇక గోడ. కింద కోళ్లు స్కర్టింగ్‌కు, అంటే గోడ అడుగున నేల వెంట ఉండే పట్టీకి, ఆనుతాయి, పైన దాని మందమంత సందు మిగులుతుంది. తలాపు వెనక్కి ఊగి కొట్టేది ఆ సందులోనే. స్కర్టింగ్ మందమే ఉన్న రెండు రబ్బరు ముక్కలను పై మూలల్లో చెక్కకు స్క్రూతో బిగించాను. గోడకు అంటిస్తే డిస్టెంపర్‌తో సహా ఊడొస్తాయి.

అప్పటికీ కదిలితేనే ఎల్ యాంగిల్‌తో (ఎల్ ఆకారంలో వంచిన ఇనుప పట్టీ) గోడకు కట్టేయడం. 8 మి.మీ. డ్రిల్లు, గోడ రంధ్రంలో స్క్రూను పట్టి ఉంచే గట్టి ప్లగ్గు కావాలి. మంచం పక్క స్విచ్‌బోర్డుకు నేరుగా పైనా కిందా మాత్రం డ్రిల్లు పెట్టొద్దు, వైర్ల పైపు సాధారణంగా ఆ వరుసలోనే పోతుంది.