అది నీ పని కాదు

సైట్లో దారికి అడ్డంగా పడున్న చెక్కను పక్కకి జరిపితే తిట్లు తినడమేమిటి? అమెరికాలో యూనియన్ సైటుకి (ఒక్కో పని ఒక్కో కార్మిక సంఘానిదని పంచుకున్న చోటుకి) మన దగ్గర్నుంచి వెళ్ళిన ఇంజనీరు ఎవరికైనా మొదట్లోనే పడే అక్షింతలు ఇవి. కాలికి తగులుతోందని కరెంటు వైరు పక్కకి లాగినా, పైనున్నవాడికి నాలుగు షిమ్ములు (కింద దూర్చే పలుచని బిళ్ళలు) అందించినా, మూలకి చేరిన కాంక్రీటుని పారతో ఒక్క లాగు లాగినా ఫోర్‌మన్ వచ్చేస్తాడు. "అది నీ పని కాదు. చెయ్యి తియ్." అరవడు, మామూలుగా చెప్పి వెళ్ళిపోతాడు. సాయంత్రానికి కంపెనీ ఆఫీసుకి యూనియన్ నుంచి ఫిర్యాదు కాగితం వచ్చినా వస్తుంది. ఒక్కోసారి అది డబ్బుతోనే తెగుతుంది. ఆ పని ఎవరిదో వాడికి రావాల్సిన కూలీ కట్టాలి.

మనకి ఇది మింగుడుపడదు. స్లాబు రోజు ఇంటి ఓనరు కూడా తట్ట అందుకుంటాడు. ఇంజనీరు చేతులు కట్టుకుని నిలబడితే "సారుకి పని రాదు" అని మేస్త్రి వెనక నవ్వుకుంటాడు. పాలమూరు నుంచి బయల్దేరి దేశమంతా డ్యాములు కట్టిన గుంపుల్లో ఒకే మనిషి పొద్దున రాడ్డు వంచి, మధ్యాహ్నం సెంట్రింగ్ ఎత్తి, సాయంత్రం వైబ్రేటరు పట్టుకుంటాడు. అది చూసి పెరిగినవాడికి ఆ మాట అవమానంగా తగలక ఏం చేస్తుంది?

ఎవరి పని ఎవరిదనే ఈ గీతలు ఎందుకు గీశారో తేలాలంటే ఊరి నడిబొడ్డున కట్టిన ఒక బేస్‌బాల్ స్టేడియాన్ని దగ్గర్నుంచి చూడాలి. మినియాపొలిస్‌లో మిన్నెసోటా ట్విన్స్ జట్టు ఆడే టార్గెట్ ఫీల్డ్ అందుకు సరిపోతుంది. 2006లో రాష్ట్ర చట్టసభ అనుమతిచ్చింది. ఆ ఊరున్న హెన్నెపిన్ కౌంటీ (మన జిల్లా లాంటిది) తన వాటా 35 కోట్ల డాలర్ల కోసం అమ్మకం పన్ను 0.15 శాతం పెంచింది. 20 డాలర్ల సరుకు కొంటే 3 సెంట్లు. దీనికి జనం ఓటు అడగనక్కర్లేదని చట్టంలోనే రాసుకున్నారు కాబట్టి, ఆట తెలిసినవాడూ తెలియనివాడూ, ఆ కౌంటీలో సామాన్లు కొన్న మనవాళ్ళూ అందరూ కట్టారు. శంకుస్థాపన 2007 ఆగస్టు 2న అనుకున్నారు. ముందురోజు సాయంత్రం అదే ఊళ్ళో మిసిసిపీ మీద ఐ-35డబ్ల్యూ వంతెన కూలి 13 మంది పోయారు. కార్యక్రమం ఆగస్టు 30కి జరిగింది. ఆ వంతెన కూలడానికి మూలం, దూలాలు కలిసే చోట వేసిన గస్సెట్ పలకల మందం డిజైన్లోనే చాలకపోవడమని తర్వాత విచారణలో తేల్చారు. అలాంటి ఊళ్ళో, అలాంటి ఏడాది మొదలైన పనిలో "ఇది ఎవరు చేశారు, ఎవరు చూశారు" అని అడిగితే చాదస్తం అనలేం.

స్థలం చూస్తే ఎనిమిది ఎకరాల చిల్లర. ఒక పక్క చెత్త కాల్చి కరెంటు తీసే ప్లాంటు, మరో పక్క హైవే, పార్కింగ్ భవనాలు, ఇంకో అంచున రైలు పట్టాలు. మైదానాన్ని మన ఇష్టం వచ్చినట్టు తిప్పుకోవడానికీ ఉండదు. హోమ్ ప్లేట్ (బ్యాట్స్‌మన్ నిలబడే చోటు) నుంచి ఎదురుగా ఉండే రెండో బేస్ వైపు గీసిన గీత తూర్పు-ఈశాన్యంగా ఉంటే మంచిదని ఆట నిబంధనల్లోనే ఉంది, సాయంత్రపు ఎండ బ్యాట్స్‌మన్ కళ్ళలో పడకుండా. వాస్తు లేదన్న మాటేగానీ దిక్కుల పట్టింపు వాళ్ళకీ ఉంది. ఇంత ఇరుకులో సామాను దించి పెట్టుకునే జాగా ఎక్కడ? లారీ తనకిచ్చిన సమయానికే రావాలి, క్రేను లారీ మీదినుంచే ఎత్తి నేరుగా స్థానంలో పెట్టాలి. క్రేన్లు నిలబడేది కూడా రేపు గడ్డి పరిచే మైదానంలోనే. అవి వెనక్కి జరుగుతూ బయటికి వెళ్ళిపోయాకే మైదానం పని. డ్రైనేజీ గొట్టాలు, వాటి మీద కంకర, ఆపైన దాదాపు అడుగు మందాన ఇసుక, చివర్న గడ్డి.

ఇక అసలు పని జరిగే చోటుకొద్దాం. జనం కూర్చునే మెట్లు అక్కడ పోసినవి కావు, ఫ్యాక్టరీలో పోసి తెచ్చిన ప్రీకాస్ట్ ముక్కలు. రెండు మూడు వరసలు కలిపి ఒక్క ముక్క, పొడవు 40 అడుగుల దాకా, బరువు ఎనిమిది పది టన్నులు. ఏటవాలుగా నిలబెట్టిన రేకర్ దూలాల మీద ఒక్కో కొస ఆనుతుంది. కింద నియోప్రీన్ రబ్బరు ప్యాడ్, ఎత్తు సరిచెయ్యడానికి షిమ్ములు, ముక్కలోనూ దూలంలోనూ ముందే పాతిన ఇనుప పలకలు. వాటిని వెల్డు చేస్తారు. ఒక కొస మాత్రమే గట్టిగా వెల్డు చెయ్యాలి. రెండోది జరగడానికి వదలాలి. రెండు కొసలూ బిగించేస్తే మొదటి చలికాలానికే ఆ మూలలో కాంక్రీటు పగులుతుంది.

ఎంత జరుగుతుందో లెక్క కట్టి చూడండి. కాంక్రీటు ఒక డిగ్రీ సెల్సియస్‌కి మీటరుకి మిల్లీమీటరులో వందో వంతు సాగుతుంది. మినియాపొలిస్‌లో మైనస్ 25 నుంచి ప్లస్ 35 దాకా చూడాలి, అంటే 60 డిగ్రీలు. 12 మీటర్ల ముక్క 7 మిల్లీమీటర్ల పైచిలుకు కదులుతుంది. ముక్కకీ ముక్కకీ మధ్య 20 మిల్లీమీటర్ల సందు వదిలితే ఆ కదలిక మూడో వంతు చిల్లర. సందు మూయడానికి నింపే రబ్బరు లాంటి సీలెంట్, సందు వెడల్పులో సగం దాకా సాగే రకమైతే దాన్ని తట్టుకుంటుంది. కానీ బిగించేవాడు ముక్కని ఒక పక్కకి నొక్కి కూర్చోబెట్టి సందు 10 మిల్లీమీటర్లకి తగ్గించాడనుకోండి, అదే కదలిక ఇప్పుడు 70 శాతం. సగం దాకానే సాగే ఆ సీలెంట్ చిరుగుతుంది. పైన మంచు కరిగి ఆ నీళ్ళు కింద అంతస్తులో హాట్‌డాగులు అమ్మేచోట సీలింగు లోంచి కారతాయి. స్టేడియం తెరిచాక వచ్చే ఫిర్యాదుల్లో ఇది పాత కాపు.

సీలెంట్ వెయ్యడంలోనూ పద్ధతుంది. సందుకంటే పాతిక శాతం లావు ఫోము తాడు లోపలికి దూర్చాలి. దాని మీద సీలెంట్ లోతు, వెడల్పులో సగమే ఉండాలి. రెండు పక్కల గోడలకే అంటుకోవాలి, అడుగున అంటుకోకూడదు. మూడు వైపులా పట్టేసుకుంటే సాగే వీల్లేక మధ్యలో చీలుతుంది. సందులో తేమ, దుమ్ము, ఫ్యాక్టరీ అచ్చుకి పూసిన నూనె ఏది మిగిలినా అతకదు. చలి 5 డిగ్రీల కంటే దిగజారితే చాలా రకాలకి ఆ పనే కుదరదు. సొంత మైదానంలో లీగ్ మొదటి మ్యాచ్ ఏప్రిల్లో (టార్గెట్ ఫీల్డ్‌ది 2010 ఏప్రిల్ 12). అంటే ముందు ఏడాది అక్టోబరు లోపే ఆ పని అయిపోవాలి.

ఈ ఒక్క మెట్టు చుట్టూ ఎన్ని చేతులున్నాయి? క్రేను ఆపరేటరు ఒక యూనియన్. ముక్కని పట్టి కూర్చోబెట్టి వెల్డు చేసే ఐరన్‌వర్కర్లు ఇంకొకటి. సందు నింపే కాకర్లు మరొకటి. అంచున తాత్కాలిక రెయిలింగు కట్టేది కార్పెంటర్లు, కింద లైటు వేలాడదీసేది ఎలక్ట్రీషియన్లు, చెత్త ఎత్తేది లేబరర్లు. మన గుంపు మేస్త్రి అయితే పదిమందితో అంతా లాగించేస్తాడు. ఇది గొప్పలు కాదు. ఎత్తడంలో, కూర్చోబెట్టడంలో, కంటితో మట్టం చూడటంలో మనవాళ్ళు ఎవరికీ తీసిపోరు. చాలాసార్లు వీళ్ళ కంటే చురుగ్గా ఉంటారు కూడా. కాకపోతే ఐదేళ్ళ తర్వాత నీళ్ళు కారినప్పుడు మన దగ్గర మేస్త్రిని అడిగితే కాంట్రాక్టరుని అడగమంటాడు, కాంట్రాక్టరు సిమెంటు మీదికి నెడతాడు. ఇక్కడ ఆ సందులో ఏ రోజు, ఎంత చలిలో, ఏ బ్యాచ్ సీలెంట్ ఎవరు వేశారో కాగితం ఉంటుంది. ఇంకొకడి చెయ్యి పడలేదు కాబట్టి తప్పించుకునే దారి లేదు. చెక్క జరిపినందుకు తిట్టిన ఫోర్‌మన్ కాపాడుకునేది తనవాళ్ళ కూలీనే, అందులో అనుమానం లేదు. దాంతోపాటు ఈ జవాబుదారీ కూడా వచ్చి పడుతుంది.

ప్రాణాల సంగతికొస్తే వాదించడానికి మాట దొరకదు. మిల్వాకీలో మిల్లర్ పార్క్ అనే బేస్‌బాల్ స్టేడియం కడుతుండగా 1999 జూలై 14న 400 టన్నుల పైబడిన పైకప్పు ముక్కని గాలిలో ఎత్తుతూ 'బిగ్ బ్లూ' అనే క్రేను కూలింది. వేరే క్రేనుకి వేలాడే బుట్టలో ఉన్న ముగ్గురు ఐరన్‌వర్కర్లు చనిపోయారు. 2000లో తెరవాల్సిన స్టేడియం 2001కి పోయింది. ఇప్పుడు సైట్లో క్రేనుకి సైగలు చేసే మనిషి ఒక్కడే ఉంటాడు, అందుకు అర్హత చూపించుకోవాలి, వేరేవాడు చెయ్యి ఊపితే ఆపరేటరు చూడడు. ఒక్క సైగకి మాత్రం మినహాయింపు. "ఆపు" అని ఎవరు చేసినా, చీపురు పట్టుకున్నవాడు చేసినా, క్రేను ఆగాల్సిందే. అన్ని పనులకీ "నీది కాదు" అనే చోట ఈ ఒక్కటీ అందరిదీ. మన సైట్లో కూలికొచ్చిన ఆడమనిషి చెయ్యెత్తితే క్రేను ఆగుతుందా? ఆగదని చెప్పడానికి మనసొప్పదుగానీ, ఆగదు.

చలికాలం కాంక్రీటు మనకి పూర్తిగా కొత్త. గాలి 4 డిగ్రీల కిందికి దిగితే వేరే నియమాలు. గడ్డకట్టిన నేల మీద పొయ్యకూడదు, ముందు దాన్ని కరిగించాలి. మిక్సులో వేడినీళ్ళు కలపాలి, పైన దుప్పట్లు కప్పాలి, టార్పాలిన్లతో గది కట్టి లోపల హీటర్లు పెట్టాలి. 500 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి 500 పౌండ్లు) బలం రాకముందే గడ్డకడితే ఆ కాంక్రీటు తర్వాత ఎన్ని నీళ్ళు పెట్టినా కోలుకోదు. పొగ బయటికి పోయే గొట్టం లేని హీటరు పెడితే ఇంకో తంటా. ఆ పొగలోని కార్బన్ డయాక్సైడు తడి ఉపరితలాన్ని పాడుచేసి, గచ్చు తుడిచినకొద్దీ సుద్దపొడి రాలుతుంది. రాత్రంతా ఆ హీటర్ల దగ్గర కాపలా ఏ యూనియన్ మనిషి ఉండాలన్నది కూడా తగువే! మన దగ్గర ఎండకి క్యూరింగ్ ఆరిపోతుందని గోనెపట్టాలు తడిపే వాచ్‌మన్ భార్య ఎవరినడిగి తడుపుతుంది?

టార్గెట్ ఫీల్డ్ బయట గోడలకి వాడింది ఆ రాష్ట్రపు మ్యాన్‌కాటో వైపు క్వారీల్లో తీసిన లేత పసుపు సున్నపురాయి. చూడగానే తాండూరు, బేతంచెర్ల గుర్తొస్తాయి. అవీ సున్నపురాళ్ళే. వరండాలో పరిచి అరవై ఏళ్ళు తుడిచినా మెరుస్తూనే ఉంటాయి. ఇక్కడ రాయిని సిమెంటుతో గోడకి అంటించరు. స్టెయిన్‌లెస్ కొక్కేలకి తగిలించి, వెనక గాలి సందు వదిలి, కింద నీళ్ళు పోయే చిల్లులు పెడతారు. వెనక చేరిన నీరు గడ్డకట్టి ఉబ్బితే రాయి ఊడుతుంది మరి. రాయి నాడి చూసి చెక్కే మన వడ్డెరలు వస్తే ఆ అంచులు ఇంకా అందంగా తేలేవని అనిపిస్తూనే ఉంటుంది. వాళ్ళకి ఇక్కడి యూనియన్ కార్డు ఎవరిస్తారు?

ఇంత ఒప్పుకున్నాక కూడా ఒక్క విషయంలో మాత్రం చిరాకు తగ్గదు. రెండు గీతల మధ్య పడిన పని ఎవరిదీ కాదు. ప్రీకాస్ట్ సందులో వెల్డింగు బూడిద, చెక్కముక్కలు నిండుతాయి. ఐరన్‌వర్కర్లు తమ పని అయిందంటారు. కాకర్లు శుభ్రమైన సందు ఇస్తేనే వేస్తామంటారు. లేబరర్లకి ఎవరో చెప్పాలి. అక్టోబరు ఎండ కాస్తుండగానే వృథాగా పోతుంది. అరగంటలో బ్లోయరుతో ఊదేసే పని కళ్ళెదుట ఉన్నా ముట్టుకోకూడదు. కుర్చీలైతే మరీ. టార్గెట్ ఫీల్డ్ తెరిచినప్పుడు 39,504 సీట్లు. కుర్చీకి రెండు బోల్టులు అనుకున్నా ఎనభై వేల దాకా రంధ్రాలు. డ్రిల్లు లోపలి ఇనుప తీగకి తగిలితే మెట్టు బలమే పోతుంది కాబట్టి ముందు స్కానరుతో చూసి గుర్తు పెట్టాలి. ఆ రంధ్రం కార్పెంటరుదా, ఐరన్‌వర్కరుదా అని తగువు రాని స్టేడియం అరుదు.

అందుకని ఇలాంటి సైటుకి కొత్తగా వచ్చే మన కుర్రాళ్ళు ఒకటి చెయ్యొచ్చు. చెక్క అడ్డముంటే జరపకండి, ఫొటో తీసి ఫోర్‌మన్‌కి చూపించండి. పని మొదలవక ముందే యూనియన్లన్నీ కూర్చునే ప్రీ-జాబ్ మీటింగులో సందు ఊదేది ఎవరు, వానపడితే ఆరబెట్టేది ఎవరు, హీటరు దగ్గర రాత్రి ఉండేది ఎవరు అని పేరుపేరునా రాయించుకోండి. కుర్చీల దగ్గర స్కానింగు, రంధ్రం, బోల్టు, కుర్చీ నాలుగూ విడివిడిగా రాయించాలి. "సీట్ల పని" అని ఒక్క ముక్కలో రాసి వదిలేస్తే ఫిబ్రవరిలో, అందరికీ తొందరగా ఉన్నప్పుడు, మళ్ళీ అదే తగువు.