ఏడు డ్రమ్ముల నీళ్లు

మాది సూళ్లూరుపేట. ఈమధ్య తిరుపతి జిల్లాలో కలిపారు గానీ, నోటికి ఇప్పటికీ నెల్లూరు జిల్లా అనే వస్తుంది. పక్కనే శ్రీహరికోట షార్‌లో రాకెట్ వదిలితే ఊరంతా మిద్దెలెక్కి చూస్తుంది. నేను బాత్‌రూంలో దూరి గొళ్లెం పెట్టుకునేవాణ్ని. 1993 సెప్టెంబరులో మొదటి పీఎస్ఎల్‌వీ రాకెట్ నాడు మొదలైంది ఇది. కిటికీ రెక్కలు గలగలమన్నాయి, నా కాళ్లు పరిగెత్తాయి. గ్యాస్ అన్నారు, బీపీ అన్నారు, నరాల బలహీనత అన్నారు. కువైట్ సంగతి ఏ డాక్టరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

1988లో డ్రైవరుగా వెళ్లాను. 1990 ఆగస్టు 2 తెల్లవారుజామున చప్పుళ్లకు లేచేసరికి ఇరాక్ సైన్యం వచ్చేసింది. మా సేటు కారు తనే తోలుకుని కుటుంబంతో సౌదీకి పోయాడు. కొన్నాళ్లు గదిలో తలుపులేసుకుని ఉండి, చివరికి పదిమందిమి డబ్బులేసుకుని బస్సెక్కి బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దు చేరాం. ఎడారిలో గుడారాలు. నీళ్ల ట్యాంకరు వస్తే తోపులాట. ఒకరోజు నా ముందున్న ముసలాయన కిందపడ్డాడు. ఆయన్ని దాటుకుని వెళ్లి డబ్బా నింపుకున్నాను. వెనక్కి వచ్చేసరికి అక్కడ లేడు. ఎవరైనా లేపి తీసుకెళ్లారో, ఏమయ్యాడో.

అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానంలో బొంబాయిలో దిగాను. అలా మనవాళ్లను సుమారు 1,70,000 మందిని తీసుకొచ్చారు.

"ప్రాణాలతో వచ్చావు, అదే పదివేలు" అన్నారు ఊళ్లో. కొన్నేళ్లకు ఐక్యరాజ్యసమితి కమిషన్ ద్వారా నష్టపరిహారం వస్తే మిద్దె వేశాం. ఇంట్లోవాళ్లకు కువైట్ లెక్క అంతటితో తీరింది. నేను మాత్రం రాత్రిళ్లు అరుస్తూ లేచేవాణ్ని. పెరట్లో ఏడు డ్రమ్ములు పెట్టి నింపుకునేవాణ్ని. బిందె ఖాళీగా కనబడితే మా ఆవిడ మీద కేకలు. అమ్మ ఏఎస్ పేట దర్గాకు తీసుకెళ్తే మూడు రాత్రులు నిద్ర చేశాను. నవ్వొద్దు, అక్కడ నిజంగానే నిద్ర పట్టింది. ఇంటికొస్తే మళ్లీ మామూలే.

2019 జులైలో చంద్రయాన్-2 పైకి లేచినప్పుడు రెండేళ్ల మనవణ్ని చంకనేసుకుని బాత్‌రూంలో దూరానట. వాడి ఏడుపు బయటికి వినపడకుండా నోరు నొక్కి పట్టుకున్నానట. నాకు గుర్తులేదు. మా అమ్మాయి తలుపు తీయించి, "నాన్నా, ఇది బీపీ కాదు" అంది. మర్నాడే నెల్లూరులో మానసిక వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్లింది.

ఆమె పీటీఎస్‌డీ అని చెప్పింది, అంటే ఘోరమైనవి చూశాక మనసుకు తగిలి మానని గాయం. యుద్ధం చూసిన అందరికీ రాదట, వచ్చినవాళ్లలో కొందరికి ఏళ్ల తరబడి ఉండిపోతుందట. సెర్ట్రాలిన్ అనే మాత్ర రాసింది. మొదటి పది రోజులు ఒకటే వికారం, మానేద్దామనుకున్నాను. ఆరో వారానికి నిద్ర కుదిరింది. మందు కంటే మాట్లాడటమే కష్టమైంది. కళ్లు మూసుకుని, అంతా ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్పాలి. మొదటి మూడుసార్లూ ముసలాయన్ని దాటేసి చెప్పాను. నాలుగోసారి దాటలేకపోయాను. "మీ తప్పేం లేదు" అంటుందనుకున్నా. అనలేదు.

"డబ్బా ఎన్ని లీటర్లు?"

"ఐదు."

"ఎంతమందికి?"

"పదిమందికి, మేడమ్."

మనిషికి అర లీటరు, ఆ ఎండలో. ఇరవై తొమ్మిదేళ్లలో ఆ లెక్క ఒక్కసారీ వేసుకోలేదు. చాలాసేపు ఏడ్చాను.

పూర్తిగా పోయిందని చెప్పను. 2022లో ఉక్రెయిన్ నుంచి మన పిల్లలు బ్యాగులు మోసుకుంటూ సరిహద్దులు దాటడం టీవీలో చూసి మళ్లీ రెండు వారాలు నిద్ర లేదు. మందు డోసు పెంచారు. రాకెట్ రోజున ఇప్పుడు వరండాలో కూర్చుంటాను, మిద్దె మాత్రం ఎక్కను. డ్రమ్ములు ఐదు అమ్మేశాం. ఆ రెండూ కూడా ఇచ్చేయమని మా ఆవిడ పోరు. ఎండాకాలం పోనీ, చూద్దాం అన్నాను.