సాల్ట్ లేక్‌లో సున్నా–సున్నా

2024 జూన్ 4. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ సికింద్రాబాద్‌లో కదిలేసరికి బోగీలో ఎవరి ఫోన్ చూసినా ఓట్ల లెక్కింపే. మా బాబాయ్ మాత్రం జేబులోంచి ఒక కాగితం తీసి ఒళ్ళో పరిచాడు. టికెట్ ప్రింటు వెనకవైపు పెన్నుతో రాసుకున్న పట్టిక అది. ఖతార్ 12, భారత్ 4, అఫ్ఘానిస్థాన్ 4, కువైట్ 3.

ఎదురు సీటాయన తొంగిచూసి, "ఎక్కడి సీట్లండీ అవి?" అన్నాడు.

"సీట్లు కావండీ, పాయింట్లు. ఫుట్‌బాల్ వరల్డ్ కప్ క్వాలిఫైయర్స్" అని బాబాయ్ మొదలుపెట్టాడు. గ్రూపులో నాలుగు జట్లు. ఒక్కొక్కరితో రెండేసి సార్లు, మొత్తం ఆరు మ్యాచ్‌లు. గెలిస్తే మూడు పాయింట్లు, డ్రా అయితే ఒకటి. మొదటి రెండు స్థానాల్లో ఉన్నవాళ్ళకి మూడో రౌండు, దాంతోపాటే 2027 ఆసియా కప్‌లో చోటు. మనం ఇంతవరకూ ఆ మూడో రౌండు ముఖం చూడలేదు. ఇంకా రెండు మ్యాచ్‌లున్నాయి: 6న కోల్‌కతాలో కువైట్‌తో, 11న దోహాలో ఖతార్‌తో.

నిజానికి మొదలు బాగానే పడింది. 2023 నవంబర్‌లో కువైట్ సిటీకి వెళ్ళి, మన్‌వీర్ సింగ్ కొట్టిన ఒక్క గోల్‌తో గెలిచాం. తర్వాత భువనేశ్వర్‌లో ఖతార్ చేతిలో 3–0తో ఓటమి, సౌదీలోని అభాలో అఫ్ఘానిస్థాన్‌తో డ్రా. అంతవరకూ సరే. గువాహటిలో అదే అఫ్ఘానిస్థాన్ చేతిలో 2–1తో ఓడిపోవడమే మమ్మల్ని కుంగదీసింది. అది మన కెప్టెన్ సునీల్ ఛెత్రీకి 150వ అంతర్జాతీయ మ్యాచ్. పెనాల్టీని గోల్ చేశాడు కూడా. అది అతని 94వ గోల్.

మే 16న ఛెత్రీ, కువైట్‌తో ఆడేదే తన ఆఖరి మ్యాచ్ అని చెప్పాడు. ఆ సాయంత్రమే బాబాయ్ ఫోన్: "మన సికింద్రాబాద్‌లో పుట్టిన పిల్లగాడురా. మనం పోకపోతే ఎట్లా?"

మ్యాచ్ రోజు పొద్దున్నే హౌరా నుంచి లోకల్ ఎక్కి ఉత్తరపాడా వెళ్ళాం. ఇది బాబాయ్ కోరిక. మన సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టి, కోల్‌కతా క్లబ్బు ఈస్ట్ బెంగాల్‌కి ఆడి, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో మనకి బంగారు పతకం తెచ్చిన జట్టులో ఉన్న తులసీదాస్ బలరాం చివరిదాకా ఉన్న ఊరు ఇది. 2023 ఫిబ్రవరిలో పోయారు. ఆ జట్టుకి కోచ్ కూడా మన హైదరాబాద్ వారే, సయ్యద్ అబ్దుల్ రహీం. ఇంటికోసం వెతకలేదు. గంగ ఒడ్డున మెట్ల మీద కూర్చుని మట్టి కప్పుల్లో టీ తాగాం. బాబాయ్ కుర్రతనంలో లాలాగూడ గ్రౌండులో ఆడినవాడు. బలరాం పేరు వింటూ పెరిగినవాడు. కప్పు ఖాళీ అయినా చాలాసేపు చేతిలోనే పట్టుకుని నీళ్ళవైపు చూస్తూ ఉండిపోయాడు. నేనూ కదిలించలేదు.

సాయంత్రం సియాల్దాలో మెట్రో ఎక్కితే సాల్ట్ లేక్ స్టేడియం రెండో స్టాపు. రైలు నిండా నీలం జెర్సీలు, దాదాపు అన్నింటి వెనకా ఛెత్రీ నంబరు 11. స్టేడియంలోకి దాదాపు 59 వేల మంది వచ్చారు. ఒళ్ళంతా చెమట, గాలి ఆడడం లేదు. అయినా "ఛెత్రీ... ఛెత్రీ..." అనే ఆ హోరు మొదలైతే కాళ్ళ కింద కాంక్రీటు కూడా అదిరినట్టే ఉంది. 2002లో ఇదే ఊళ్ళో మోహన్ బగాన్ క్లబ్బుతో మొదలైన ఆటగాడు మళ్ళీ ఇక్కడే ముగిస్తున్నాడు.

ఆట మొదలైన కాసేపటికే కువైట్ గోల్ కొట్టాల్సింది, మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ ఆపాడు. కార్నర్ నుంచి మన అన్వర్ అలీ తలతో కొట్టిన బంతి పైకి పోయింది. రెండో సగం మొదట్లో రహీం అలీకి గోల్‌కీపర్ ఒక్కడే అడ్డు. నా చుట్టూ అందరూ లేచి నిలబడ్డారు. కీపర్ ఆపేశాడు. బాబాయ్ రెండు చేతులూ తలమీద పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఆ ఒక్కటి పడుంటే అన్న మాట నన్నింకా వదల్లేదు.

0–0.

ఆ తర్వాత మైదానం మ్యాచ్‌ది కాకుండా పోయింది. ఛెత్రీ చుట్టూ తిరుగుతూ ప్రతి స్టాండుకీ చేతులు జోడించాడు. మావైపు వచ్చినప్పుడు పెద్ద తెరమీద అతని ముఖం కనిపించింది, కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. జట్టువాళ్ళు రెండు వరుసల్లో నిలబడి చప్పట్లు కొడుతుంటే మధ్యలోంచి నడుస్తూ ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాను. మా వెనక ఒక బెంగాలీ ముసలాయన ఏడుస్తూనే బాబాయ్ భుజం నిమిరాడు.

అందరూ ఆయన్ని సాగనంపడానికే వచ్చారు, అది న్యాయమే. కానీ నాకు ఆ మూడు పాయింట్లు కూడా కావాలి. ఛెత్రీకి మనం ఇవ్వగలిగిన అసలైన వీడ్కోలు మూడో రౌండే. బయటికి నడుస్తూ బాబాయ్‌తో అదే అన్నాను. ఆయన వీధి దీపం కింద ఆగి కాగితం తీసి, భారత్ ఎదురుగా 4 కొట్టేసి 5 రాశాడు. అఫ్ఘానిస్థాన్, ఖతార్ కూడా ఆ రోజు గోల్ లేకుండానే డ్రా చేసుకున్నాయి. అఫ్ఘానిస్థాన్ 5, కువైట్ 4. "దోహాలో గెలిస్తే ఇంకా ఉందిరా" అన్నాడు.

11న మా ఇంట్లో టీవీ ముందు కూర్చున్నాం. 37వ నిమిషంలో మన ఛాంగ్టే గోల్. బాబాయ్ కుర్చీలోంచి లేచి నన్ను గట్టిగా పట్టుకున్నాడు. 73వ నిమిషంలో గోల్ లైను దాటి బయటికి పోయిన బంతిని లోపలికి లాగి ఖతార్ గోల్ కొట్టింది. మనవాళ్ళు ఎంత మొత్తుకున్నా రిఫరీ ఒప్పుకోలేదు. ఈ రౌండులో వీఏఆర్, అంటే వీడియో చూసి రిఫరీ తప్పు సరిదిద్దే ఏర్పాటు, లేదు. ఇంత పెద్ద ఆటకి అది లేకపోవడం ఇప్పటికీ నాకు మింగుడుపడదు. 85వ నిమిషంలో ఇంకోటి. 2–1.

బాబాయ్ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కువైట్‌వాళ్ళది ఏమైందిరా?" అన్నాడు.

ఫోన్ చూశాను. "అఫ్ఘానిస్థాన్ మీద ఒకటి–సున్నాతో గెలిచారు, బాబాయ్."

కాగితం తీసి, కువైట్ ఎదురుగా 7 రాశాడు.