నీకేంటి, ఇష్టమైన పని

పొద్దున్న ఫోన్ చేసినాయన మాట ఇప్పటికీ చెవిలోనే గిర్రున తిరుగుతోంది. పిల్లల కథల పుస్తకం, అట్టా లోపలి బొమ్మలూ అన్నీ నేనే వెయ్యాలట. రేటు చెప్తే "అంతా? మీకేంటండీ, ఇష్టమైన పని చేస్తున్నారు కదా" అన్నాడు. అంటే ఇష్టపడి చేస్తే సగం డబ్బులు ఆ ఇష్టంలోనే ముట్టేసినట్టు లెక్క. ప్రెస్ వాడితో అంటాడా, మీకు ఇంకు వాసన ఇష్టం కదా కొంచెం తగ్గించండి అని? పైగా ఏఐతో చేయించిన బొమ్మొకటి వాట్సాప్‌లో పెట్టి "ఈ ఫీల్ రావాలి" అట. ఆ కుందేలుకి మూడు చెవులు.

మా ఆయన "ఒప్పుకోకు" అని ఇడ్లీ తినేసి ఆఫీసుకెళ్ళిపోయాడు. ఒకటో తారీఖున జీతం పడేవాళ్ళకి అన్నీ తేలికే.

ఇలాంటప్పుడల్లా నాకు బాబాయే గుర్తొస్తాడు. విజయవాడ గాంధీనగర్‌లో థియేటర్ల దగ్గర సినిమా బ్యానర్లు రాసే షెడ్డులో చేసేవాడు. ముఖాలు పెద్ద ఆర్టిస్టు వేసేవాడు, బాబాయికి అక్షరాలూ, బట్టలూ, వెనకాల ఆకాశం. బ్యానర్ పైకెత్తిన రోజు నన్ను సైకిల్ మీద తీసుకెళ్ళి ఎదుటి టీ కొట్టు దగ్గర నిలబెట్టి, హీరో మొహం చూడకు, ఆ చొక్కా మడతలు చూడు, అవన్నీ నావే అనేవాడు. చందమామ అట్టలు కత్తిరించి ట్రంకు పెట్టెలో దాచుకున్నాడు, వపా గారివి, అదే, ఆ అట్టల మీద బొమ్మలేసిన వడ్డాది పాపయ్య గారివి. ఆయనుండేది కశింకోటలో, బొమ్మలేమో ఎన్ని భాషల చందమామల మీదకో వెళ్ళేవి. మూలన చిన్న సంతకం, అంతే. బాబాయికి ఆ సంతకం కూడా లేదు, అయినా టీ గ్లాసు పట్టుకుని ఆ చొక్కా వంక చూస్తుంటే మొహం వెలిగిపోయేది. సక్సెస్ అక్కర్లేదు, సంతోషం అంటే అదీ అని ఎంతమందికి చెప్పానో.

ఇంతవరకు టైప్ చేసి ఆగాను, ఎందుకంటే పిన్ని ఇంకో కథ చెప్తుంది. షెడ్డు ఓనరు పండక్కి కూడా బాకీ తీర్చేవాడు కాదనీ, ఫ్లెక్సీలొచ్చి షెడ్డు మూతపడ్డాక బాబాయ్ లారీల నంబరు ప్లేట్లు రాస్తూ ఇంట్లో ఎవరితోనూ మాట్లాడేవాడు కాదనీ. మరి ఆ వెలిగిన మొహం అబద్ధమా? కాదు, నేను చూశాను. కానీ దాన్ని చూపించి తక్కువ డబ్బులకి పని చెయ్యమంటే అది దోపిడీ, పొద్దున్న ఫోన్ చేసినాయనా ఆ షెడ్డు ఓనరూ ఒకటే జాతి. సంతోషం వేరు, రేటు వేరు. రేటు తగ్గించను.

సాయంత్రం మాత్రం బావుంది. అత్తయ్య చిక్కుడుకాయలు ఒలుస్తుంటే కరెంటు బిల్లు వెనకాల ఆవిడ చేతులు వేశాను, ఎవరూ అడగలేదు, ఎక్కడా పెట్టను కూడా. వేస్తున్నంతసేపూ ఫోను ఎక్కడుందో కూడా తెలీలేదు. ఆవిడ కళ్ళజోడు తెచ్చుకుని మరీ చూసి "నా వేళ్ళు మరీ ఇంత వంకరా? గాజులేవే?" అంది. రేపు గాజులు కలిపి, వేళ్ళు కాస్త సాఫీగా చేసి ఇవ్వాలట, చెల్లెలికి చూపించాలట. ఫ్రీ బొమ్మకీ కరెక్షన్లే.