రెండు పిక్‌లకు ఒక పార్సన్స్

డాలస్‌లో ఉద్యోగం చేస్తూ ఇక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ కౌబాయ్స్ గొడవ చెవిన పడకుండా ఒక్క వారం కూడా గడవదు. పైగా మాటలు ఎక్కువయ్యేది మ్యాచ్‌లు నడిచేటప్పుడు కాదు, అవి లేనప్పుడే. ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని వదులుకోవాలి, వదులుకుంటే బదులుగా ఎన్ని డ్రాఫ్ట్ పిక్‌లు అడగాలి, ఎప్పుడూ ఇదే చర్చ. మా ఆఫీసు బ్రేక్‌రూమ్‌లో ఇది మొదలైందంటే మధ్యాహ్నం రెండు దాటినా ఎవరూ లేవరు. మా ఆయనా, ఆయన స్నేహితులూ అందరూ క్రికెట్టే. వీకెండ్‌లో ఎవరింట్లో కలిసినా నేను ఫుట్‌బాల్ మాట ఎత్తితే "నీకెందుకమ్మా ఆ గుద్దులాట" అంటారు. నాకెందుకో, కౌబాయ్స్ తమ స్టార్ డిఫెన్స్ ఆటగాడు మైకా పార్సన్స్‌ని ఇచ్చేయడం నాకెందుకు నచ్చలేదో చెబుదామనే ఇది రాస్తున్నా.

డ్రాఫ్ట్ సంగతి ముందు చెప్పాలి. మన ఐపీఎల్ వేలంలో ఎవరు ఎక్కువ పాడితే ఆటగాడు వాళ్లకి. ఇక్కడ అలా కాదు. ఏటా ఏప్రిల్‌లో కాలేజీ నుంచి వచ్చే కుర్రాళ్లను 32 టీమ్‌లు వరసగా ఎంచుకుంటాయి, ఏడు రౌండ్లు, పోయిన సీజన్‌లో అందరికన్నా అధ్వానంగా ఆడిన టీమ్‌కి మొదటి అవకాశం, సూపర్ బౌల్ అనే ఫైనల్ గెలిచినవాళ్లకి చివరిది. నీకు ఏ ఊరు ఇష్టం అని కుర్రాణ్ణి ఎవరూ అడగరు. ఆ అవకాశమే పిక్. దాన్ని వాడుకోవచ్చు, ఇంకో టీమ్‌కి ఇచ్చి ఆటగాణ్ణి తెచ్చుకోవచ్చు, వచ్చే ఏడాది, ఆ పై ఏడాది పిక్‌లు కూడా ఇప్పుడే ఇచ్చేయొచ్చు. అంటే ఇంకా కాలేజీలో ఉన్న, పేరు కూడా తెలియని కుర్రాడి మీద ఈరోజు బేరం నడుస్తుంది. తెలియని కుర్రాడు ఎప్పుడూ తెలిసిన ఆటగాడికన్నా గొప్పగానే కనిపిస్తాడు. వాడికి మోకాలు నొప్పి ఉండదు, ఏజెంట్ ఉండడు, జీతం పెంచమని అడగడు.

మా డేటాబేస్ టీమ్‌లో ఒక పెద్దాయన ఉన్నారు, పుట్టి పెరిగింది ఫోర్ట్ వర్త్‌లో. ఆయన డెస్క్ పక్క గోడకి ఒక పాత కాగితం పిన్ చేసి ఉంటుంది, అంచులు మాసిపోయి, పెన్సిల్ గీతలతో నిండి. కౌబాయ్స్ కోచ్‌గా జిమ్మీ జాన్సన్ ఉన్న రోజుల్లో, 1990ల మొదట్లో, ఏ పిక్‌కి ఎంత విలువో అంకెల్లో వేసుకున్న పట్టిక అది. మొదటి పిక్‌కి 3000 పాయింట్లు, రెండోదానికి 2600, పదోదానికి 1300, పదహారోదానికి 1000, మొదటి రౌండ్‌లో ఆఖరిదైన 32వ పిక్‌కి 590. ఎవరైనా ఒక ట్రేడ్, అంటే ఆటగాళ్ల, పిక్‌ల మార్పిడి, ప్రతిపాదించగానే ఈయన వెళ్లి ఆ కాగితం ముందు నిలబడి, వేలితో ఒక్కో గడి దాటుకుంటూ కూడి, "నువ్వు 200 పాయింట్లు దానం చేస్తున్నావు" అని తేల్చేస్తారు. నాకు ఫుట్‌బాల్ నేర్పింది ఆ కాగితమే. మ్యాచ్ చూస్తే ఎవడు ఎవడి మీద పడుతున్నాడో కూడా అర్థమయ్యేది కాదు గానీ, కూడికలు, తీసివేతలు వెంటనే అర్థమయ్యాయి. ఆ పట్టిక వాడేవాళ్లలో ఇంకో అలవాటు ఉంది. వచ్చే ఏడాది ఫస్ట్ రౌండ్ పిక్‌ని ఈ ఏడాది సెకండ్ రౌండ్ పిక్ కింద లెక్కగడతారు. ఏడాది ఆగితే ఒక రౌండ్ విలువ తగ్గుతుందన్నమాట. ఎదురుచూపుకి అంత కచ్చితంగా ధర కట్టడం నేను ఇంకెక్కడా చూడలేదు.

ఊళ్లో ప్రతి వాదనా చివరికి 1989కి చేరుతుంది. జెర్రీ జోన్స్ టీమ్ కొన్న ఏడాది అది. అక్టోబర్‌లో తమ దగ్గరున్న ఒకే ఒక్క పెద్ద ఆటగాడు హెర్షెల్ వాకర్‌ని మిన్నెసోటా వైకింగ్స్‌కి ఇచ్చేశారు. బదులుగా ఐదుగురు ఆటగాళ్లు వచ్చారు, పిక్‌లూ వచ్చాయి. అసలు కిటుకు ఒప్పందంలో ఉంది. ఆ ఆటగాళ్లను ఫలానా తేదీలోపు తీసేస్తే వాళ్ల బదులు మరిన్ని పిక్‌లు రావాలని రాయించుకున్నారు. వైకింగ్స్ ఆటగాళ్లను ఇస్తున్నామనుకున్నారు, జాన్సన్ పిక్‌లు తీసుకుంటున్నాడు. ఆ సీజన్‌లో కౌబాయ్స్ ఒక్క మ్యాచ్ గెలిచి పదిహేను ఓడారు. కానీ ఆ పిక్‌లూ, వాటితో చేసిన బేరాలూ ఎమ్మిట్ స్మిత్, రసెల్ మేరీలాండ్, డారెన్ వుడ్‌సన్ లాంటివాళ్లను తెచ్చిపెట్టాయి, 1992, 1993, 1995 సీజన్లలో మూడు సూపర్ బౌల్స్ వచ్చాయి. ఆ తర్వాత ఒక్కటీ లేదు. అందుకే ఈ ఊళ్లో యాభై దాటినవాళ్లకి పిక్ అంటే అంత నమ్మకం. ఒకసారి జరిగింది, మళ్లీ జరుగుతుంది అంటారు.

2025 ఆగస్టు 28 గురువారం. మధ్యాహ్నం రిలీజ్ కాల్‌లో ఉన్నాం, స్క్రీన్ మీద నా టెస్ట్ రిపోర్ట్ ఉంది, టేబుల్ మీద ఫోన్లన్నీ ఒక్కసారి మోగాయి. మైకా పార్సన్స్‌ని గ్రీన్ బే టీమ్‌కి ఇచ్చేశారు. 2026, 2027 ఫస్ట్ రౌండ్ పిక్‌లు రెండు, వాటితోపాటు ముప్పైకి దగ్గరపడ్డ డిఫెన్స్ ఆటగాడు కెన్నీ క్లార్క్. మా మేనేజర్ "పది నిమిషాలు బ్రేక్" అన్నాడు. ఎవరూ అడక్కుండానే.

పార్సన్స్ అంటే 2021లో 12వ పిక్‌గా దొరికినవాడు. అసలు కౌబాయ్స్‌ది పదో పిక్, ఈగల్స్‌తో బేరమాడి రెండు మెట్లు దిగి, ఒక మూడో రౌండ్ పిక్ అదనంగా తెచ్చుకుని మరీ ఇతన్ని తీసుకున్నారు. నాలుగు సీజన్లలో 52.5 సాక్‌లు (బంతి విసరబోయే క్వార్టర్‌బ్యాక్‌ని ముందే పడగొట్టడం), ఏ ఏడూ పన్నెండుకి తగ్గలేదు. వయసు 26. జీతం దగ్గర పేచీ వచ్చి ఆగస్టు 1నే ట్రేడ్ చేయమని బహిరంగంగా అడిగాడు. గ్రీన్ బే నాలుగేళ్లకి 188 మిలియన్ డాలర్లు ఇచ్చింది, సగటున ఏడాదికి 47. ఆ ఏడాది టీమ్ మొత్తానికి జీతాల పరిమితి 279.2 మిలియన్లు. ఒక్కడికే అంత పోస్తే మిగతావాళ్ల సంగతేంటని పెద్దాయన వాదన. ఇదే ఊళ్లో ఫిబ్రవరిలో బాస్కెట్‌బాల్ టీమ్ లూకా డాన్చిచ్‌ని లాస్ ఏంజెలెస్‌కి ఇచ్చేసింది, ఆ మంట ఆరకముందే ఇది. మా బాబు ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని "పార్సన్స్‌ని అడిగారా అమ్మా, గ్రీన్ బేలో మంచు పడుతుంది కదా" అన్నాడు. వెళ్తానన్నది అతనే, ఎక్కడికన్నది మాత్రం అతను చెప్పింది కాదు.

ఇక్కడే నాకూ పెద్దాయనకీ పడదు. నేను పార్సన్స్‌ని ఇవ్వకూడదనే అంటాను, ఇప్పటికీ అంటాను. గ్రీన్ బే అసలే మంచి టీమ్, పార్సన్స్ వెళ్తే ఇంకా బాగా ఆడుతుంది, బాగా ఆడితే వాళ్ల పిక్ మొదటి రౌండ్‌లో ఎక్కడో వెనక పడుతుంది. మనం ఇచ్చిన మనిషే మనకు వచ్చే పిక్ విలువ తగ్గిస్తాడు. ఈ ఒక్క మాటకి ఆయన దగ్గర జవాబు లేదు. "మన క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ నాలుగో రౌండ్‌లో 135వ పిక్, ఎవరు ఎక్కడ దొరుకుతారో ఎవరికి తెలుసు" అంటారు. ఎవరికి తెలుసు అనేదాని మీద టీమ్ నడపకూడదనే కదా నేను చెప్పేది.

నేను ఇంత గట్టిగా ఎందుకు అంటానంటే, మా చుట్టూ అందరం పిక్‌ల మీదే బతుకుతున్నాం. ఇల్లు గ్రీన్ కార్డ్ వచ్చాక, ఉద్యోగం మారడం గ్రీన్ కార్డ్ వచ్చాక, అమ్మానాన్నల దగ్గర నాలుగు నెలలు ఉండి రావడం కూడా అప్పుడే. ఉద్యోగాల కోటాలో ఏ ఒక్క దేశానికీ ఏడు శాతానికి మించి ఇవ్వకూడదని నిబంధన, మనవాళ్ల వరస చూస్తే ఎక్కడ మొదలైందో కనపడదు. ఈలోపు నాన్న మోకాళ్ల ఆపరేషన్ వీడియో కాల్‌లో చూశాను. చేతిలో ఉన్నదాన్ని ఇచ్చేసి రాబోయేదాని కోసం కూర్చోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. అందుకే ఎవరైనా "2027 ఫస్ట్ రౌండర్" అని కళ్లు మెరిపిస్తే నాకు టెన్షన్ వస్తుంది.

ఆగస్టు చివర్లో ఇంకోటి జరుగుతుంది, దాని గురించి ఫ్యాన్స్ పెద్దగా మాట్లాడుకోరు. ప్రతి టీమ్ 90 మందిని 53కి తగ్గించాలి. 32 టీమ్‌లంటే ఆ గడువు నాటికి వెయ్యి మందికి పైగా చోటు పోతుంది. సరిగ్గా అదే వారం మా ఫ్లోర్‌లో కాంట్రాక్ట్ వాళ్లని తగ్గించారు. అందులో గుంటూరు అమ్మాయి ఒకతి, హెచ్‌1బి మీద ఉంది, అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం చూసుకోవాలి, లేదంటే వెళ్లిపోవాలి. బ్యాడ్జ్ ఇచ్చేసి, డెస్క్ మీది చిన్న వినాయకుణ్ణి నాప్‌కిన్‌లో చుట్టి బ్యాగులో పెట్టుకుంది. లంచ్‌లో ఎవరో "చివరి రిసీవర్ స్థానం ఎవరికి" అని మొదలుపెడితే పెద్దాయన ఆపమన్నారు. నన్ను పక్కకి పిలిచి అరవై రోజుల సంగతి అడిగారు. ఆయనకి అప్పటిదాకా తెలియదు. "మా ఆటలో తీసేసినవాణ్ణి మిగతా టీమ్‌లు తీసుకోవడానికి ఒక్క రోజు టైమ్ ఉంటుంది, ఈ అమ్మాయి పేరు ఎవరికి చెప్పాలి" అని, అప్పటికప్పుడు పాత స్నేహితులకి ఫోన్లు కలిపారు. ఆమెకి ఉద్యోగం దొరికింది గానీ ఆయన చెప్పిన చోట కాదు, అట్లాంటాలో. అప్పటి నుంచీ నేను ఆయనతో ఎంత గొడవపడినా గొంతు పెంచను.

సీజన్ మా ఇద్దరికీ సగం సగం జవాబు చెప్పింది. సెప్టెంబర్ 28న పార్సన్స్ ఆర్లింగ్టన్‌లోని కౌబాయ్స్ స్టేడియంకి వస్తే మ్యాచ్ 40-40 టై. పిట్స్‌బర్గ్‌కి మూడో రౌండ్ పిక్ ఇచ్చి తెచ్చుకున్న రిసీవర్ (బంతి అందుకునేవాడు) జార్జ్ పికెన్స్ సీజన్‌లో 1400 గజాలు దాటాడు. పిక్ ఇచ్చి మనిషిని తెచ్చుకుంటే ఏమవుతుందో చూడండని నేను అందరికీ చూపించాను. నవంబర్‌లో జెర్రీ జోన్స్ తనే ఒక 2027 ఫస్ట్ రౌండ్ పిక్, 2026 రెండో రౌండ్ పిక్, వాటితో మేజీ స్మిత్‌ని ఇచ్చి న్యూయార్క్ జెట్స్ నుంచి డిఫెన్స్ ఆటగాడు క్విన్నెన్ విలియమ్స్‌ని తెచ్చాడు, అంటే ఆయనకీ మనిషే కావాల్సి వచ్చింది. డిసెంబర్‌లో డెన్వర్‌లో పార్సన్స్ మోకాలి లిగమెంట్ తెగింది. మర్నాడు పెద్దాయన ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే గెలిచేవారే, కానీ ఎత్తలేదు. నేనే అన్నాను, మోకాలు తెగడం ట్రేడ్ మంచిదనడానికి రుజువు కాదు అని. "అవును, పాపం కుర్రాడు" అన్నారు.

ఇది రాస్తున్నది 2026 జనవరిలో. డిఫెన్స్ లీగ్‌లోనే అందరికన్నా ఎక్కువ పాయింట్లు ఇచ్చుకుంది, చేతిలో ఏప్రిల్ డ్రాఫ్ట్‌కి రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లు ఉన్నాయి, మనదొకటి, గ్రీన్ బేదొకటి. పెద్దాయన గ్రీన్ బే పిక్‌తో కిందికి దిగి రెండు మూడు పిక్‌లు చేసుకుందామంటారు, పెన్సిల్ తీసి లెక్క కూడా వేసి పెట్టారు. నేను ఒప్పుకోను. రెండూ డిఫెన్స్‌కే వాడాలి, అందులో ఒకటి ఇచ్చి ఇప్పటికే లీగ్‌లో ఆడుతున్న, పాతికేళ్లు దాటని పాస్ రషర్‌ని, అంటే క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకెళ్లేవాణ్ణి, తేవాలి, పికెన్స్‌కి ఎంతైనా ఇచ్చి ఉంచుకోవాలి. ఈ సోమవారం లంచ్‌లో ఇదే చెప్పబోతున్నా, నా పేర్ల జాబితా రాసుకున్నాను, ఆయన కాగితం మీద పాయింట్లు ఎన్ని తగ్గినా సరే.